జిగురు ఇంకా ఆరలేదు

మా లైబ్రరీలో ఒక సభ్యురాలు ఏ పుస్తకాన్నయినా వెనకనుంచే మొదలుపెట్టేవారు. కౌంటరు దగ్గర నిలబడే ఆఖరి రెండు పేజీలు చదివేవారు. ముగింపు నచ్చితే రిజిస్టర్లో సంతకం పెట్టేవారు. నచ్చకపోతే పుస్తకాన్ని నావైపు తోసేసి, "ఇందులో ఆయన పోతాడమ్మాయ్, నాకొద్దు" అనేవారు. ఆ మాట వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ వినిపించేది. నాకు తెలిసి నలుగురు సభ్యులు తెరవని పుస్తకాల ముగింపులు అలా ఉచితంగా తెలుసుకుని, మొహం ముడుచుకుని ఇంటికి వెళ్ళారు.

ఆవిడకి డ్రైవింగ్ స్కూలు ఉంది. నేర్పేవాళ్ళ బండిలో పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ కాలు దాని మీదే. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా రీడింగ్ హాల్లో కుర్చీలో కూర్చున్నా సరే, ఎవరైనా వేగంగా నడిచొస్తే ఆవిడ కుడికాలు నేలని గట్టిగా నొక్కేది. ఆవిడ దగ్గర బండి నేర్చుకున్నవాళ్ళు మేడమ్ అనేవాళ్ళు. నేర్చుకోనివాళ్ళు బ్రేకు మేడమ్ అనేవాళ్ళు.

ఆవిడ చదివేవి ప్రేమ నవలలు మాత్రమే. అందులోనూ ఒకే రకం. ఒకసారి దెబ్బతిని, మనసుకి గడియ పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు మళ్ళీ ఆ గడియ ఎలా తీశారన్నదే కథ. అలాంటివి మా దగ్గర ఒక బీరువాకి నిండుగా ఉన్నాయి. ఎక్కువ చేతులు మారేవి అవే, ఎక్కువ చిరిగేవీ అవే. చిరిగినవి వెనకగదికి వెళ్ళేవి. ఆ గది మా నాన్నది.

నాన్న బైండరు. ముప్ఫై ఏళ్ళుగా ఆ లైబ్రరీ పుస్తకాలు కుడుతున్నాడు. నేను డిగ్రీ పూర్తిచేసి అక్కడే కౌంటరు ఉద్యోగం తెచ్చుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనే మొదలు. అందుకని నిబంధనల పుస్తకంలో ఏముంటే అదే చేస్తాను, లేనిది చెయ్యను. ఈ కథలో నేను ఆడిన అబద్ధాలన్నీ నాన్న కోసం, ఇష్టం లేకుండా ఆడినవేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

అమ్మ ఉన్న రోజుల్లో వెనకగదిలో ఎప్పుడూ ఏదో ఒక నవల వినిపిస్తూ ఉండేది. నాన్న దబ్బనంతో కుడుతుంటే అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని పైకి చదివేది. తొమ్మిదేళ్ళ క్రితం, ఒక నవల ఇంకో నలభై పేజీలుందనగా అమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. ఆ తర్వాత నాన్న కుట్టడం మానలేదు గానీ చదవడం మానేశాడు. పేజీ నంబర్లు మాత్రం చూసుకుని కుట్టేవాడు. "కథ కంటబడితే చెయ్యి ఆగిపోతుందమ్మా. నంబర్లయితే మనల్నేమీ అనవు" అనేవాడు.

అసలు గొడవంతా ఆ నంబర్ల వల్లే వచ్చింది.

ఒక సోమవారం మేడమ్ వచ్చి కౌంటరు మీద ఒక నవల పెట్టారు. పెట్టారు అనడం మర్యాదకి. కొట్టారు.

"ఇది కుట్టిందెవరు?"

జిగురు చేతులు తుడుచుకుంటూ నాన్న వెనకగదిలోంచి వచ్చాడు. "నేనేనండి."

"చదివే కుట్టారా?"

"లేదండి. చదివితే కుట్టలేను."

"మరి వినండి." ఆవిడ పుస్తకం తెరిచి, హాలంతా వినపడేలా చదివారు. "'ఆమె వణికే చేతులతో గడియ తీసింది. ఎదురుగా, వానలో తడిసి ముద్దయి...'" ఇక్కడ పేజీ తిప్పారు. "'చూడి ఆవు నిలబడి ఉంది.'"

పేపర్లు చదువుతున్నవాళ్ళు పేపర్లు కిందికి దించారు.

"నేను మొదట అదేదో ఉపమానం అనుకున్నానండి" అన్నారు మేడమ్. "ఆ అమ్మాయి మనసు గురించి గూఢంగా చెప్తున్నారేమో అనుకున్నా. రెండు పేజీలయ్యాక గానీ ఆవు ఆవేనని తెలీలేదు. దాని వెనకాలే ఒక పశువుల డాక్టరు కూడా దిగాడు. మరి నా ఆర్కిటెక్టు ఏమయ్యాడు? రెండొందల ఎనభై ఎనిమిది పేజీలు అతన్ని నమ్ముకుని వచ్చాను. ఇప్పుడెవరో డాక్టరుతో సర్దుకుపొమ్మంటే ఎలాగండీ?"

నాన్న పుస్తకం తీసుకుని చూశాడు. "నంబర్లు సరిగ్గానే ఉన్నాయండి. ఎనభై ఎనిమిది తర్వాత ఎనభై తొమ్మిదే ఉంది."

"నంబర్లు వరసగా ఉంటే కాపురం కుదిరిపోతుందా?"

నాన్న గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గు అనుకుని నేను మంచినీళ్ళు తెచ్చాను. తెచ్చాక తెలిసింది, అది నవ్వు. తొమ్మిదేళ్ళలో నేను ఆ చప్పుడు మర్చిపోయాను.

జరిగింది ఇదీ. ఆ నవలలన్నీ ఒకే ప్రెస్సువి, ఒకే కొలత, ఒకే అక్షరాలు. పదహారు పేజీల కట్టని ఫారం అంటారు. ఒక్కో నవలకి పంతొమ్మిది ఫారాలు. నాన్న ఒకేరోజు రెండు నవలలు విప్పి, బాగుచేసి, మళ్ళీ కుట్టాడు. ఒకదాని ఆఖరి ఫారం ఇంకోదానికి వెళ్ళిపోయింది. పేజీల నంబర్లు రెండింటిలోనూ ఒకటే కాబట్టి నాన్నకి అనుమానం రాలేదు. కథ చదివే బైండరు ఎవరూ చెయ్యని తప్పు అది.

"ఆఖరి పేజీ ముందే చూసుకున్నానండి" అన్నారు మేడమ్. "'ఆమె చెయ్యి అతని చేతిలో ఉంది' అని రాసుంది. చూసుకునే తీసుకున్నా. ఇంత జాగ్రత్తపడ్డా మోసం జరిగితే ఇక మనిషి ఎలా బతకాలి?"

ఆ చివరి మాట నాన్నతో అన్నట్టు లేదు. గొంతు తగ్గించి, పుస్తకం అట్టతో అన్నట్టు అన్నారు.

"బాగుచేసి ఇస్తానండి" అన్నాడు నాన్న.

రెండో నవల ఎవరి దగ్గరుందో రిజిస్టర్లో చూశాను. మా మేనత్త కార్డు మీద ఉంది. నాన్నకి అక్క, మాతోనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు అడిగాను.

"అత్తయ్యా, పశువుల డాక్టరు నవల అయిపోయిందా?"

"ఎప్పుడో."

"చివర్లో తేడా ఏమీ కనపడలేదా?"

"తేడా ఏముందే? మొదట్లో పశువులకి వైద్యం చేశాడు, చివర్లో ఇళ్ళకి ప్లాన్లు గీశాడు. బుద్ధిమంతుడు, ఇంకో పని నేర్చుకున్నాడు."

"అమ్మాయి పేరు కూడా మారింది కదా!"

"పెళ్ళయిందా లేదా? నాకది చాలు." అత్తయ్య నాన్న కంచంలో కూర వేస్తూ, "కొంతమందికి అదీ చేతకాదు" అంది.

"ఒకసారి చేసుకున్నాను కదక్కా."

"పొద్దున ఒకసారి తిన్నావు కదా, మళ్ళీ ఎందుకు కూర్చున్నావు?"

నాన్న తలొంచుకుని తిన్నాడు.

ఆ మధ్యాహ్నం నాన్న అత్తయ్య పుస్తకం కూడా తెచ్చి, వెనకగదిలో రెండు నవలల కుట్లూ తెంపాడు. నంబర్ల మీద నమ్మకం పోయింది కాబట్టి ఈసారి చదివి సరిచూసుకోవాల్సి వచ్చింది. ఏదో అవసరానికి వెళ్ళి చూస్తే, పెదాలు కదుపుతూ, వేలు లైను కింద పెట్టి చదువుతున్నాడు. అమ్మ స్టూలు ఎదురుగా ఖాళీగా ఉంది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. గంట తర్వాత బయటికొచ్చి నాతో ఒక్కమాటే అన్నాడు: "ఆ ఆర్కిటెక్టు ఉత్త మొద్దమ్మా. ఒక్కమాట అడగడానికి మూడొందల పేజీలా?"

"తొమ్మిదేళ్ళ కంటే తక్కువే" అందామనుకున్నాను. అనలేదు. తండ్రి కదా.

అదే వారం సెక్రటరీ గారు కొత్త కబురు తెచ్చారు. నడవలేని సభ్యుల ఇళ్ళకి పుస్తకాలు పంపడానికి లైబ్రరీకి పాత వ్యాన్ ఒకటి వచ్చిందట. డ్రైవర్ని పెట్టుకునే స్తోమత లేదు. "బైండింగ్ పని ఎలాగూ సగమే ఉంటోంది. మీరు డ్రైవింగ్ నేర్చుకోండి" అన్నారు నాన్నతో. అలా నాన్న పదిహేను క్లాసుల ప్యాకేజీకి మేడమ్ స్కూల్లో చేరాడు. వారానికి మూడు క్లాసులు. పొద్దున్నే ఆవిడ బండి మా లైబ్రరీ ఆవరణలోకి వచ్చేది, నాన్న ఎక్కేవాడు.

మొదటి క్లాసు అయ్యాక ఆవిడ కౌంటరు దగ్గరికొచ్చి అడిగారు. "నా ఆర్కిటెక్టు తయారయ్యాడా?"

నేను లోపలికి వెళ్ళి నాన్నని అడిగాను. పుస్తకం బల్ల మీదే ఉంది. పద్దెనిమిది ఫారాలు కుట్టి ఉన్నాయి. పంతొమ్మిదోది విడిగా ఒక అట్టముక్క కింద ఉంది.

"జిగురు ఇంకా ఆరలేదని చెప్పు" అన్నాడు నాన్న, నావైపు చూడకుండా.

"జిగురు రాయనే లేదుగా నాన్నా."

"అందుకే ఆరలేదు."

వెళ్ళి చెప్పాను. నా చెవులు వేడెక్కాయి. మేడమ్ "పర్లేదు" అన్నారు. కానీ కుర్చీలో కూర్చోలేదు. తిన్నగా వెనకగది గుమ్మం దాకా వెళ్ళి, "అప్పటిదాకా చెప్పండి, తలుపు దగ్గర ఉన్నదెవరు?" అన్నారు.

"మీరే చదువుకుందురుగాని."

"ఆర్కిటెక్టేనా?"

"చెప్పనండి."

"ఆవయితే కాదు కదా?"

మళ్ళీ ఆ నవ్వు చప్పుడు. ఈసారి నేను మంచినీళ్ళు తేలేదు.

ఆ తర్వాత ప్రతి క్లాసు అయ్యాకా ఇదే తంతు. జిగురు ఆరిందా అని ఆవిడ అడగడం, లేదని నేను చెప్పడం, ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి పావుగంట మాట్లాడి వెళ్ళడం. నాలుగో వారానికి ఆవిడ గుమ్మం దాటి లోపల నిలబడ్డారు. ఐదో వారానికి నాన్న ఒక కొత్త కుర్చీ వేశాడు. స్టూలు ఇవ్వలేదు. అది నేను గమనించాను, ఆవిడా గమనించారనుకుంటాను.

ఈలోగా లైబ్రరీ ఎదుటి స్థలంలో ఎవరో ఇల్లు మొదలెట్టి, స్లాబు పోసి, అది ఆరి, దాని మీద రెండో అంతస్తు గోడలు లేపారు. మా జిగురు మాత్రం ఆరలేదు.

అటు డ్రైవింగ్ కూడా అలాగే సాగింది. పదిహేను క్లాసులూ అయిపోయాయి. "అంతా వచ్చింది గానీ ఈయనకి రివర్స్ రాలేదమ్మాయ్" అన్నారు మేడమ్. "రివర్స్ రాకుండా ఎవర్నీ బయటికి పంపం. అది మా స్కూలు పద్ధతి. ప్యాకేజీకి సంబంధం లేకుండా నేర్పుతాను." మా కౌంటరు కిటికీలోంచి ఆవరణ కనిపిస్తుంది. సైకిళ్ళ వరసకీ గోడకీ మధ్య ఉన్న సందులోకి నాన్న బండిని వెనక్కి తోలుతుంటే, పుస్తకాన్ని బీరువాలో పెట్టినంత నున్నగా వెళ్ళేది. ఆవిడేమో దిగి, తల అడ్డంగా ఊపి, "ఊహూఁ, ఇంకా రాలేదు" అనేవారు. నాకు బండి తోలడం రాదు. నేనెవర్ని మాట్లాడ్డానికి?

క్లాసులు ఇరవై రెండు అయ్యాయి. ఆ రోజు క్యారేజీ తెచ్చింది అత్తయ్య. కౌంటరు దగ్గర మేడమ్ నిలబడి ఉన్నారు.

"ఆ ఆర్కిటెక్టు పుస్తకం కోసమేనా అమ్మా?" అంది అత్తయ్య చనువుగా. "దాని చివర నేను చదివాన్లే, నా డాక్టరు పుస్తకంలో కలిసింది. తలుపు దగ్గర ఉన్నది ఎవరంటే..."

"చెప్పకండి!"

మేడమ్ రెండు చేతులూ అడ్డం పెట్టేశారు. వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. పదేళ్ళుగా వాళ్ళ ముగింపులన్నీ బయటపెట్టిన మనిషి, మొదటిసారి ఒక ముగింపు వద్దన్నారు. ఆవిడకీ ఆశ్చర్యంగానే ఉన్నట్టుంది, తన చేతుల్ని తనే చూసుకున్నారు.

"సరే, నువ్వే చదువుకో" అంది అత్తయ్య. "ఇంతకీ ఇంకా ఇవ్వలేదా మావాడు?"

"జిగురు ఆరలేదటండి."

"జిగురా? ఏడు వారాలా? వాడు రాత్రి అంటిస్తే పొద్దున్నకి రాయయి కూర్చుంటుందమ్మా. మా ఇంట్లో గోడ గడియారానికీ అదే, నా చెప్పుకీ అదే."

నేను అత్తయ్య చెయ్యి గిల్లాను. ఆలస్యమైంది. మేడమ్ మొహంలో నవ్వు ఆరిపోయింది. నావైపు తిరిగారు.

"అమ్మాయ్, నువ్వు చెప్పు. ఆ జిగురు ఆరడానికి ఎంతసేపు పడుతుంది?"

చెప్పాను కదా, ఆ అబద్ధాలు ఇష్టం లేకుండా ఆడినవే. సూటిగా అడగనంతసేపే నేను గట్టిదాన్ని.

"ఒక్క రాత్రి, మేడమ్."

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చి, తన దగ్గరున్న మూడు పుస్తకాలూ కౌంటరు మీద పెట్టి, సభ్యత్వం రద్దు ఫారం అడిగారు. సంతకం పెట్టారు. "మీ నాన్నగారికి చెప్పు, ఇంక క్లాసులు అక్కర్లేదని" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆవిడ బండి గేటు దాటాక నాన్న బయటికొచ్చాడు. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "పని చెడగొట్టుకున్నానమ్మా" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం వెళ్ళి చూస్తే కుర్చీ మడిచి గోడకి ఆనించి ఉంది. నాన్న మళ్ళీ పేజీ నంబర్లు చూసి కుడుతున్నాడు. ఇంకో తొమ్మిదేళ్ళు అలాగే గడుస్తాయని నాకు అర్థమైంది.

తిరిగొచ్చిన పుస్తకాలని పేజీ పేజీ తిప్పి చూడాలని మా నిబంధన. సభ్యులు లోపల ఏవేవో మర్చిపోతుంటారు. మేడమ్ ఇచ్చిన రెండో పుస్తకంలో, నూట పన్నెండో పేజీ దగ్గర ఒక పసుపు కార్డు ఉంది. డ్రైవింగ్ స్కూలు వాళ్ళది. నేర్చుకునేవాళ్ళకి ఏది ఎప్పుడు వచ్చిందో రాసుకునే కార్డు. పైన 'బైండరు గారు' అని ఉంది. కింద గడులు. క్లచ్: మూడో క్లాసు. గేర్లు: ఐదో క్లాసు. రివర్స్: ఎనిమిదో క్లాసు, టిక్కు, పక్కన 'చాలా బాగా' అని.

ఎనిమిదో క్లాసు!

తర్వాత రద్దు ఫారం తీసి చూశాను. దాని మీద రెండు చోట్ల సంతకం ఉండాలి. ఆవిడ ఒకచోటే పెట్టారు. రెండో సంతకం లేకుండా సభ్యత్వం రద్దు కాదు. నా ఉద్యోగంలో నిబంధనల పుస్తకాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది ఆ ఒక్కసారే.

"నాన్నా, పద. ఒక సంతకం పెట్టించుకోవాలి."

"నేనెందుకమ్మా?"

కార్డు చేతిలో పెట్టాను. పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. అట్టముక్క కిందనుంచి పంతొమ్మిదో ఫారం తీసి చొక్కాలో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు. కుడిది ఎడమకాలికి.

డ్రైవింగ్ స్కూలంటే ఒక గది. గోడల నిండా అట్టమీద గీసిన రోడ్డు గుర్తులు, ఒక బల్లకి బిగించిన పాత స్టీరింగు. మేడమ్ ఆ స్టీరింగు వెనకే కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే బల్ల కింద కుడికాలు నేలని నొక్కింది.

"ఇంకోచోట సంతకం కావాలి మేడమ్" అన్నాను.

ఆవిడ పెన్ను అందుకోబోయారు. ఈలోపు నాన్న ఆ పదహారు పేజీలూ తీసి స్టీరింగు మీద పెట్టాడు.

"ఆఖరి ఫారం అండి. కుట్టలేదు. జిగురే రాయలేదు. రాయలేదు కాబట్టి, ఆరలేదన్నది పూర్తిగా అబద్ధం..."

"నాన్నా" అన్నాను.

"అబద్ధమేనండి" అన్నాడు నాన్న. "ఇది చదివేస్తే మీరు ఇంకో నవల తీసుకుంటారు. అది చిరిగితే గానీ నా గది దాకా రారు. నాకు మాటలు రావండి. వచ్చింది జిగురొకటే. దాని చాటున దాక్కున్నాను."

మేడమ్ ఆ పదహారు పేజీల వైపు చూడలేదు. "మా ఆయన వారానికి రెండు రోజులు ఆఫీసు క్యాంపు అనేవాడండి. ఏడేళ్ళు సద్ది కట్టి పంపాను. ఆ క్యాంపుకి ఒక ఇల్లు, ఇద్దరు పిల్లలు ఉన్నారని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి చిన్న అబద్ధమైనా సరే నాకు కాలు బ్రేకు మీదకి పోతుంది."

నాన్న చొక్కా జేబులోంచి పసుపు కార్డు తీసి, ఆ పేజీల పక్కన పెట్టాడు.

మేడమ్ చూశారు. మెడనుంచి పైకి ఎర్రబడుతూ పోయారు. "ఇదెక్కడిది?"

"మీరిచ్చిన పుస్తకంలో మేడమ్, నూట పన్నెండో పేజీ" అన్నాను. "సభ్యుల సొంత వస్తువులు దొరికితే తిరిగివ్వాలని నిబంధన."

"ఎనిమిదో క్లాసులోనే వచ్చేసిందటండి నాకు" అన్నాడు నాన్న. "పద్నాలుగు క్లాసులు, వచ్చిన రివర్స్‌నే నేర్పారు."

మేడమ్ కార్డుని బల్ల మీద బోర్లించారు. మెల్లగా అన్నారు. "ఏడు వారాలు ఆరని జిగురు ఎక్కడైనా ఉంటుందా? తెలుసండి నాకు. మొదటి వారంలోనే తెలుసు. తెలిసి, ఆరకపోతే బాగుండనుకున్నాను. మీ అక్కయ్యగారు అన్నప్పుడు భయమేసింది మీరంటే కాదు, అబద్ధమని తెలిసీ నమ్మిన నేనంటేనే."

"అయితే..." అన్నాడు నాన్న. ఆగాడు. మూడొందల పేజీల ఆర్కిటెక్టు గుర్తొచ్చాడో ఏమో, గబుక్కున అనేశాడు. "అయితే నాతో ఉంటారా అండి? మా ఇంట్లో మా అక్క ఉంటుంది, అది ముందే చెప్పాలి."

ఆవిడ నవ్వబోయి ఆపుకున్నారు. "ముగింపు ఎలా ఉంటుందో తెలీకుండా నేను సంతకం పెట్టనండి. మీకు తెలుసుగా."

నాన్న ఆ పదహారు పేజీల అంచులు సరిచేశాడు.

"నాకూ తెలీదండి" అన్నాడు. "నాకోసం ఒక మనిషి చదువుతూ చదువుతూ నలభై పేజీలుండగా ఆపేసి వెళ్ళిపోయింది. కానీ అంతవరకూ విన్నది వినకుండా ఉండాల్సిందని ఒక్కరోజు కూడా అనిపించలేదు."

నేను గోడ మీద 'ముందు మలుపు ఉంది' అన్న గుర్తుని శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను. కళ్ళు తుడుచుకోవడానికి అది అనువైన దిక్కు.

మేడమ్ అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆఖరి ఫారం తీసుకుని, విప్పి చూడకుండానే నాన్న చేతికి ఇచ్చారు. "ఇది కుట్టేయండి. రేపు ఎనిమిదింటికి ఇరవై మూడో క్లాసు. మీ లైబ్రరీ ఆవరణలోనే."

"సంతకం మేడమ్?" అన్నాను, రద్దు కాగితం చూపించి. ఉద్యోగధర్మం.

"పెన్ను రాయట్లేదమ్మాయ్" అన్నారావిడ, చేతిలో పెన్ను ఆడిస్తూ.

మర్నాడు ఎనిమిదింటికి నేను, సెక్రటరీ గారు, ఏ పనీ లేకుండా వచ్చిన అత్తయ్య, ముగ్గురం కౌంటరు కిటికీ దగ్గర ఉన్నాం. బండి అద్దాలు దించి ఉన్నాయి. నాన్న స్టీరింగు దగ్గర కూర్చుని, కుట్టిన నవలని ఆవిడ చేతికిచ్చాడు. మేడమ్ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. వెనక పేజీ తియ్యలేదు. నేను రెప్పవెయ్యకుండా చూశాను, తియ్యలేదు.

తర్వాత ఆవిడ చెప్పులు విడిచేశారు. రెండు కాళ్ళూ పైకి తీసి, సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నారు.

"ఇదేం కూర్చోవడం?" అన్నారు సెక్రటరీ గారు. "ఆవిడ వైపు బ్రేకు ఎవరు చూస్తారు?"

"ఊరుకోండి" అన్నాను. ఆయనతో అలా మాట్లాడ్డం అదే మొదలు.

నాన్న రివర్స్ వేశాడు. బండి మెత్తగా వెనక్కి కదిలింది. సైకిళ్ళ వరస దాటింది. వాకిట్లో, సభ్యులు పుస్తకాలు వేసి వెళ్ళే ఇనప పెట్టె ఉంటుంది. బండి దానికి ఇంకా పది అడుగుల దూరంలో ఉండగా మేడమ్ గొంతు వినిపించింది.

"సరేనండి."

"ఏది సరే?" అన్నాడు నాన్న, అద్దంలోంచి చూపు తీసి ఆవిడవైపు తిరుగుతూ.

"మొన్న అడిగారే, అది."

"నిన్న కదండీ అడిగింది?"

"నిన్నే. సరే అంటున్నా..."

ధడేల్మని చప్పుడైంది. పెట్టె పక్కకి ఒరిగింది. మూత ఎగిరి, రాత్రి ఎవరో వేసిపోయిన రెండు వంటల పుస్తకాలు నేల మీద పడ్డాయి.

సెక్రటరీ గారు చేతులు ఊపుకుంటూ పరిగెత్తారు. వెనక మేమూ వెళ్ళాం. "మేడమ్! మీ వైపు బ్రేకు పనిచెయ్యట్లేదా?"

"భేషుగ్గా పనిచేస్తుందండి" అన్నారు మేడమ్, మఠం విప్పకుండానే.

"మరి?"

"తొక్కలేదు."

నాన్న స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. మొహం చూస్తే బండిని కాదు, విమానాన్ని దింపినవాడిలా ఉన్నాడు. మేడమ్ నావైపు తల తిప్పారు.

"చూశావా అమ్మాయ్? ఈయనకి రివర్స్ రాలేదని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను. ఇంకో పదిహేను క్లాసులు పడుతుంది."

"పదిహేనుతో ఏమవుతుందమ్మా?" అంది అత్తయ్య, వంటల పుస్తకాలు ఏరుకుంటూ. "వాడి సంగతి నాకు తెలీదా?"

మేడమ్ ఆ నవలని మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివారు. తలుపు దగ్గర ఉన్నదెవరో వరసలో వచ్చినప్పుడే తెలుసుకున్నారు. తెలిశాక కౌంటరు దగ్గర ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వెనకగదిలో ఆ కుర్చీలోనే కూర్చుని పైకి చదువుతున్నారు, అమ్మ నలభై పేజీలుండగా ఆపిన నవల. నాన్న బీరువా అడుగునుంచి తీసిచ్చాడు. ఆఖరి పేజీ ముందు చూడకూడదనే షరతు మీద.

ఆ ఇనప పెట్టె మూత ఇప్పటికీ సరిగ్గా పడదు. ఎప్పుడు బాగుచేస్తారని సెక్రటరీ గారు వారానికోసారి అడుగుతారు. నాన్న తల ఎత్తకుండా, "అంటించానండి, ఆరనివ్వండి" అంటాడు.